ఎర్రమచ్చ లేని ఊరు

గుండ్లవాగు పురపాలక సంఘానికి వేడి కొత్త కాదు. వేసవిలో అక్కడ కాకులు కూడా నీడ చూసుకుని మరీ ఎగురుతాయి. రోహిణి కార్తెలో ఎవరో దాబా మీద గుడ్లబుట్ట మరిచిపోతే, సాయంత్రానికి సగం ఉడికి, మిగతా సగం పిల్లలై కిందికి దిగి వచ్చాయని ఆ ఊళ్ళో ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. అలాంటి ఊళ్ళో వేడి మీద యుద్ధం ప్రకటించారు కమిషనర్ విద్యాధరరావు గారు. ఆ ప్రకటించడమైనా ఎండాకాలంలో కాదు. మార్గశిరంలో, జనం పెట్టెలడుగున దుప్పట్లు వెతుక్కునే రోజుల్లో.

దానికి కారణం ఆయన పడగ్గదిలో ఒక స్విచ్చి. కమిషనర్ గారి బావమరిది ఆయనకొక కెమెరా తెచ్చిచ్చాడు. బొటనవేలంత ఉంటుంది. సెల్‌ఫోను అడుగున గుచ్చి గోడకేసి చూపిస్తే, చల్లగా ఉన్నదల్లా నీలంగానూ, వేడిగా ఉన్నదల్లా ఎర్రగానూ తెర మీద కనబడుతుంది. ఆయన సరదాగా ఇల్లంతా తిప్పి చూస్తుంటే, బీరువా వెనక స్విచ్చి ఒకటి ఎర్రగా రాజుతూ కనిపించింది. విప్పించి చూస్తే లోపల తీగ సగం మాడి ఉంది. ఇంకో రెండు రోజులాగితే ఇల్లు అంటుకునేదేనని కరెంటు మేస్త్రీ చెప్పాడు. కెమెరా ఆ ఊళ్ళో చేసిన మంచిపని అది. ఒక్కటే చేసింది.

ఆ రోజు ఇక కమిషనర్ గారు ఫోను కింద పెట్టలేదు. స్నానాలగది గోడలో నీళ్ళెక్కడ చెమ్మగిల్లుతున్నాయో కనిపెట్టారు. మంచం కింద పిల్లి ఏ మూల పడుకుందో వంగకుండా చెప్పారు. మూతపెట్టిన నాలుగు గిన్నెల్లో ఉప్మా ఎందులో ఉందో మూత తియ్యకుండా చెప్పి, భార్య చేత శభాష్ అనిపించుకున్నారు. ఉద్యోగంలో చేరాక ఎవరైనా ఆయన్ని శభాష్ అనడం అదే మొదలు. మనిషి అక్కడ దెబ్బతిన్నాడు.

మర్నాడే కౌన్సిలు సమావేశంలో తీర్మానం చదివారు. "మన పట్టణ పరిధియందు వేడిమి అనునది ఇంతవరకు ఎట్టి అజమాయిషీ లేక యథేచ్ఛగా సంచరించుచున్నది. దీనిని గుర్తించి, నమోదు చేసి, నిర్మూలించుటకు ఈ సంఘము కంకణము కట్టుకొనుచున్నది." కౌన్సిలర్లు చప్పట్లు కొట్టారు. చలిగా ఉంది గనక అరచేతులు రుద్దుకునేందుకు అదొక అవకాశం.

వార్డుకొక కెమెరా, కెమెరాకొక ఉష్ణ కార్యదర్శి. ఆ కార్యదర్శి ప్రతి ఇంటినీ ఫొటో తీసి, ఆ ఫొటో వీధి తలుపుకి అంటించాలి. అందులో ఎర్రమచ్చ కనబడితే, ఆ మచ్చ దేనిదో దానికి మూడు రోజులు సీలు వెయ్యాలి. సీలు వెయ్యని కార్యదర్శి సస్పెండు. రాష్ట్రంలోకెల్లా చల్లటి పట్టణానికి రాజధానివాళ్ళొక పురస్కారం పెట్టారట. ఎర్రమచ్చ లేని ఊరుగా గుండ్లవాగు దాన్ని కొట్టుకురావాలి. అదీ సంకల్పం.

కెమెరాతోపాటు డబ్బాలో చిన్న పుస్తకం వచ్చింది. ఆ కెమెరా తన ఎదుట ఉన్నవాటిలో ఏది ఎక్కువ వెచ్చగా ఉంటే దాన్నే ఎర్రగా చూపిస్తుందనీ, అంత మాత్రాన అది నిప్పు కానక్కర్లేదనీ అందులో రాసి ఉంది. ఆ పుస్తకాన్ని కమిషనర్ గారి ఆఫీసులో ఊగుతున్న బల్లకోడు కింద పెట్టారు. బల్ల ఊగడం మానేసింది.

పదకొండో వార్డుకి ఉష్ణ కార్యదర్శి చెన్నకేశవులు. ముప్ఫయ్యేళ్ళవాడు, నెమ్మదస్తుడు, పై అధికారి దగ్గితే ఇతనికి గొంతు నొప్పి పుట్టేది. ఆ వార్డులోనే ఉంటుంది గురవమ్మ. ఆవిడ పని బాలింతలకీ పసిబిడ్డలకీ నీళ్ళు పొయ్యడం. పీట మీద కాళ్ళు బారజాపుకుని, బిడ్డని కాళ్ళ మీద వేసుకుని, మోచెయ్యి నీళ్ళలో ముంచి వేడి చూసి, ఒళ్ళు సాగదీసి, తల గుండ్రంగా అదిమి, ముక్కు తీర్చి పోసేది. నలభై అయిదేళ్ళుగా అదే పని. ఊళ్ళో సగంమంది ఆవిడ కాళ్ళ మీద ఏడ్చినవాళ్ళే. ముక్కు చప్పిడిగా ఉందంటే వాడు బయటూరివాడని లెక్క. కమిషనర్ గారి ముక్కు చప్పిడి.

ఇన్నాళ్ళూ ఊరి బిడ్డలకి పోసిన గురవమ్మకి ఇప్పుడు సొంత బిడ్డ దొరికింది. కూతురు చిన్నతనంలోనే పోతే, ఆవిడే పెంచి పెళ్ళిచేసిన మనవరాలు హైమ ఆడపిల్లని కన్నది. నెల ముందుగా కన్నది. హైమ మొగుడు మిర్చి లారీ తోలుకుని నాగపూరు పోయి ఉన్నాడు. బిడ్డ కిలో తొమ్మిదివందలు తూగింది. ఆసుపత్రి డాక్టరమ్మ బిడ్డని హైమ రొమ్ముకి ఆనించి గుడ్డతో కట్టి చూపించి, ఈ పిల్లకి మందు వెచ్చదనమే అంది. గది వెచ్చగా ఉంచాలి, చలిగాలి తగలకూడదు, రెండున్నర కిలోలు వచ్చేదాకా వారంవారం తూకానికి తీసుకురావాలి. గురవమ్మకి చాలామంది డాక్టర్ల మాటలు నచ్చవుగానీ ఈవిడ మాట నచ్చింది. తన మాటలాగే ఉంది గనక.

తల్లీబిడ్డా ఇంటికొచ్చిన రోజునే కేశవులు ఫోను పట్టుకుని వచ్చాడు. పెరట్లో పొయ్యి మీద కాగు నిండా నీళ్ళు మరుగుతున్నాయి.

"పెద్దమ్మా, నీ పొయ్యి ఎర్రగా ఉంది," అన్నాడు.

"పొయ్యి ఎర్రగా ఉండక నీలంగా ఉంటదా నాయనా."

"రూలు. మూడు రోజులు సీలు వెయ్యాల."

"నీకు మొదటి నీళ్ళు కాచింది ఆ పొయ్యి మీదేరా కేశవులూ. ఆనాడు సీలేసుంటే ఇయ్యాల నువ్వు టేపు పట్టుకుని వచ్చేవోడివి కాదు."

కేశవులు తలొంచుకుని పొయ్యి చుట్టూ ఎర్ర టేపు చుట్టాడు. లోపల గ్యాసు పొయ్యికీ చుట్టాడు. కాగులో నీళ్ళు మాత్రం అప్పటికి వాడుకోమన్నాడు. అవి రూలు రాకముందే కాగాయి గనక తప్పు లేదట.

మూడో రోజు సీలు విప్పారు. పొయ్యి వెలిగించారు. వెలిగించగానే ఎర్రగా కనబడింది. మళ్ళీ మూడు రోజులు. ఈ లెక్కన పొయ్యి ఉండవచ్చు, వెలగకూడదు అని ఊరికి బోధపడటానికి వారం పట్టింది. ఆ వారంలోనే టీబండి పుల్లయ్య తన బండిని ఊరి పొలిమేర రాయికి అవతల పదడుగులు నెట్టుకుని, పక్క పంచాయతీలో టీ కాయడం మొదలుపెట్టాడు. పొద్దున్నే గుండ్లవాగు జనమంతా తట్టాబుట్టా సర్దుకుని వలసపోతున్నట్టు అటు నడిచేవారు. నోరు కాల్చుకుని, ఊదుకుంటూ తిరిగొచ్చేవారు. పొలిమేర దగ్గర ఒక కార్యదర్శిని కాపలా పెట్టి, నోట్లోంచి ఆవిరి వచ్చినవాళ్ళని ఆవిరి ఆగేదాకా నిలబెట్టారు.

మొదట్లో కేశవులు పని తేలిగ్గానే ఉంది. పొయ్యిలన్నీ చల్లారాక చిక్కొచ్చింది. ఒక ఇంట్లో పొయ్యి నీలంగానే ఉందిగానీ ఫ్రిజ్జు వెనక భాగం ఎర్రగా కనిపించింది. ఫ్రిజ్జు ఆపించాడు. టీవీ ఎర్రబడింది. టీవీ పీకించాడు. పిల్లి ఎర్రబడింది. పిల్లిని తరిమితే ఇంటావిడ ఎర్రబడింది. ఆవిడ అప్పటికే బాగా ఎర్రబడి ఉందని కేశవులు మామూలు కళ్ళతో కూడా చూడగలిగాడు.

అతను భయపడుతూనే ఆఫీసుకి వెళ్ళి, ఈ యంత్రం ఉన్నవాటిలో ఏది కాస్త వెచ్చగా ఉంటే దాన్ని పట్టిస్తున్నట్టుందనీ, ఇలాగైతే ఎప్పటికీ ఏదో ఒకటి ఎర్రగానే ఉంటుందనీ విన్నవించుకున్నాడు.

కమిషనర్ గారు కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నారు. "కేశవులూ, ఒక దొంగను పట్టియిచ్చిన పిమ్మట మరియొక దొంగను వెదకు పోలీసు కుక్కను మెచ్చవలెనా, శంకించవలెనా? ఈ యంత్రము ఎన్నడూ రిక్తహస్తములతో తిరిగి రాదు. దాని ఘనత అదియే."

ఇక వెనక్కి చూసింది లేదు. గుడ్ల మీద కూర్చున్న కోళ్ళకి 'అనధికారికముగా వేడిమిని ఒకేచోట నిలువ చేయుట' అనే నేరం కింద నోటీసులు వెళ్ళాయి. ఏడో వార్డులో చూడి గేదెకి సీలు వేస్తే, అది మూడు మూరల టేపూ నెమరేసి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది. జ్వరం వచ్చినవాళ్ళకి ఒళ్ళు చల్లార్చుకోవడానికి గడువిచ్చారు. ఒక పెళ్ళిలో అగ్నిహోత్రానికి బదులు దాని ఫొటో పీట మీద పెట్టి వధూవరుల్ని చుట్టూ తిప్పారు. హోమం నీలంగానే ఉందిగానీ పెళ్ళికూతురి బుగ్గలు పట్టించాయి. ఆ బుగ్గలకి ఏ సెక్షను వర్తిస్తుందని పురోహితుణ్ణి అడిగారు. పట్టణంలో మొట్టమొదటి సంపూర్ణ నీలి ధ్రువపత్రం ఎనిమిదో వార్డు గాలెయ్య తాతకి దక్కింది. ఆయన పోయి అప్పటికి పది గంటలయింది. ఆసాంతం నిబంధనలకి లోబడిన ఏకైక పౌరుడని కమిషనర్ గారు స్వయంగా వచ్చి ఆ పత్రం పాడె మీద పెట్టారు. దహనానికి మాత్రం అనుమతి దొరక్క, పుల్లయ్య బండి అవతలకి మోసుకుపోయి కానిచ్చారు.

గురవమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. ఆవిడ ధ్యాసంతా బిడ్డ పాదాల మీదే ఉంది. గంటకోసారి అరికాళ్ళు అరచేత్తో పట్టుకుని చూసేది. రోజుకి రెండు మార్లు ప్లాస్కు చంకన పెట్టుకుని పొలిమేర రాయి దాకా నడిచి, పుల్లయ్య దగ్గర వేడినీళ్ళు పోయించుకుని వచ్చేది. పోను రాను మూడు మైళ్ళు. ప్లాస్కు లోపల నీళ్ళు కుతకుతలాడుతున్నా బయటికి చల్లగానే ఉంటుంది. కెమెరాలో అది నీలంగా, పరమ సాధువులా కనిపించేది. కాపలా కార్యదర్శి దానికి దాదాపు దణ్ణం పెట్టి వదిలేవాడు.

కానీ ప్లాస్కెడు నీళ్ళు ఏ మూలకి. గుడ్డ తడిపి బిడ్డ ఒళ్ళు తుడవడానికి సరిపోయేవి. హైమకి పదకొండో రోజు పురిటి స్నానం కూడా దాటిపోయింది. గదిలో కుంపటి లేదు, గోడలు మంచుగడ్డల్లా ఉన్నాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు వంతులేసుకుని వచ్చి బిడ్డని ఎదకి కట్టుకుని కూర్చునేవారు. వాళ్ళకైనా ఎంత వేడుంటుంది. చద్దన్నాలు తిని, చన్నీళ్ళు పోసుకుని వచ్చేవాళ్ళాయె.

మొదటి తూకంలో బిడ్డ యాభై గ్రాములు పెరిగింది. రెండో వారం తూకం కదల్లేదు. డాక్టరమ్మ మొహం మాడ్చుకుంది. ఆసుపత్రిలో పసివాళ్ళని వెచ్చగా ఉంచే పెట్టె ఉందిగానీ, దానికి ముందు వారమే సీలు పడింది. వచ్చే తూకంలో తగ్గితే గుంటూరు పెద్దాసుపత్రికి పంపించక తప్పదంది. హైమ అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చింది.

గురవమ్మ అట్నుంచి అటే కమిషనర్ ఆఫీసుకి వెళ్ళింది. ఆయన కోతిటోపీ పెట్టుకుని, రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని, చల్లటి టీ తాగుతున్నారు. ఆవిడ చేతులు జోడించి, రోజుకి ఒక్క కాగు నీళ్ళు కాచుకోనివ్వమని అడిగింది.

"వేడినీళ్ళు ఎవరి నిమిత్తము?"

"బిడ్డ కోసం సారూ."

"బిడ్డ పేరు?"

"ఇంకా పెట్టలేదు. ఇరవయ్యొకటో నాడు పెడతాం."

"పేరు లేని వ్యక్తికి అనుమతి మంజూరు చేయు వీలు లేదు."

"బిడ్డ తల్లికి ఇయ్యండి. ఆ పిల్లకి పేరుంది. హైమ."

"ఆమెయే స్వయముగా హాజరై దరఖాస్తు చేసుకొనవలెను."

"పచ్చి బాలింత సారూ. ఈ చలిలో ఎట్టా వస్తది."

కమిషనర్ గారు చాలాసేపు ఆలోచించి, ఒకరికి పేరు లేదనీ, ఇంకొకరు హాజరు కాలేదనీ, మూడో మనిషి అడుగుతున్నది తనకోసం కాదనీ, కాబట్టి దరఖాస్తుదారే లేని దరఖాస్తు ఇది అనీ తేల్చారు. పురస్కార సంఘంవాళ్ళు వచ్చి వెళ్ళాక ఈ విషయం సానుభూతితో పరిశీలిస్తారట. వాళ్ళెప్పుడొస్తారని అడిగితే, వాళ్ళు ఎప్పుడొస్తారో చెప్పకపోవడమే వాళ్ళ పద్ధతి అన్నారు.

రెండు రోజుల తర్వాత కేశవులు నెలవారీ ఫొటోకి గురవమ్మ ఇంటికొచ్చాడు. ఫోను ఎత్తి పట్టుకున్నాడు. పొయ్యి నీలం, గోడలు నీలం, గురవమ్మ కూడా చలిలో తిరిగి తిరిగి ఊదారంగులో ఉంది. నడిగదిలో హైమ దుప్పటి సర్దుకుంటూ ఉంటే, ఆ గుండెల మధ్య రెండు జానల మేర ఎర్రగా కనిపించింది. కేశవులు ఫోను దించేశాడు. మళ్ళీ ఎత్తాడు. అది అట్లాగే ఉంది.

అతను నోటీసు రాస్తుంటే కలం సాగలేదు. 'పదకొండవ వార్డు, గురవమ్మ గారి గృహము, నడిగదియందు, సుమారు రెండు జానల పొడవు గల, పేరు లేని ఎర్రమచ్చ గమనింపబడినది. ఇరువదినాలుగు గంటలలో దానిని చల్లార్చవలెను. లేనియెడల సీలు వేయబడును.'

హైమ చదివి వినిపిస్తే గురవమ్మ కాగితం మడిచి రొంటిన దోపుకుంది. నలభై అయిదేళ్ళలో ఎన్నో బిడ్డలు ఆవిడ చేతుల్లో నీలంగా పుట్టాయి. వాటిని ఎర్రగా చేసేందుకు ఆవిడ చెయ్యని పని లేదు. ఎర్రగా ఉన్న బిడ్డని నీలం చెయ్యమని మొదటిసారి ఒకరు కాగితం రాసిచ్చారు.

కేశవులు పరుగున ఆఫీసుకి పోయి, సార్, అది పసిబిడ్డ, బిడ్డకి సీలెట్టా వేస్తాం అని అడిగాడు. కమిషనర్ గారు ఓపిగ్గా, "సీలు బిడ్డకు కాదయ్యా, మచ్చకు," అని చెప్పారు.

మర్నాడు పొద్దున్నే పురస్కార సంఘంవాళ్ళు దిగబడ్డారు. ముగ్గురు. అధ్యక్షురాలు మోటుశాలువా కప్పుకున్న పెద్దావిడ. ఆవిడ చేతిలో ఊరివాటికంటే పెద్ద కెమెరా ఉంది. కమిషనర్ గారు తను కూడా నీలంగా కనబడాలని తెల్లవారకముందే మూడు బక్కెట్ల బోరునీళ్ళు పోసుకుని, స్వెట్టర్లు విప్పేసి, తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కా వేసుకుని, పళ్ళు టకటకలాడుతుండగా స్వాగతం పలికారు. ఆఫీసు వెనక వీధే పదకొండో వార్డు. దగ్గరలో ఏదైనా ఒక ఇల్లు చూపించమంది అధ్యక్షురాలు. కమిషనర్ గారు నోరు తెరిచేలోపల ఆవిడ చెయ్యి చాచి గురవమ్మ ఇల్లే చూపించింది. కేశవులు టేపు చుట్ట పట్టుకుని వెనకే నడిచాడు.

లోపలికొచ్చి ఆవిడ కెమెరా తిప్పింది. తెరంతా సముద్రంలా నీలం. మధ్యలో ఒక్కటే ఎర్రమచ్చ. మిగిలినదంతా అంత నీలంగా ఉండటంచేత అది మరీ మందారంలా ఉంది.

అదేమిటని అడిగింది అధ్యక్షురాలు.

"అది తాత్కాలిక ఉష్ణస్థానము. తక్షణమే అదుపులోనికి తీసుకొనుచున్నాను," అని కమిషనర్ గారు ముందుకొచ్చి రెండు చేతులూ చాపారు. అధికారి చెయ్యి చాపితే ఏం చెయ్యాలో తెలియక హైమ గురవమ్మకేసి చూసింది.

"సారూ, ఇప్పుడే పాలు తాగింది. ఇప్పుడెత్తుకోబాకండి," అంది గురవమ్మ.

అప్పటికే ఎత్తుకున్నారు. ఎత్తుకుని, కెమెరాకేసి తిరిగి, చల్లటి తన చొక్కాకి ఆనించుకుని, మచ్చ తగ్గుతోందా అన్నట్టు నవ్వారు. బిడ్డ రెండు కిలోలకి లోపేగానీ, పని మాత్రం ఆరు నెలల బిడ్డ పని చేసింది. రెండు పనులూ ఒకేసారి చేసింది.

సంగతి తెర చూస్తున్నవాళ్ళకే ముందు తెలిసింది. ఎరుపు బిడ్డని దాటి, కమిషనర్ గారి బెల్టు దాటి, రెండు పాయలై మోకాళ్ళ మీదుగా బూట్లలోకి దిగింది. అధ్యక్షురాలు చాలా మర్యాదగా, "కమిషనర్ గారూ, మచ్చ పెరిగింది. ఇప్పుడు మీ మీద ఉంది," అని చెప్పింది.

గురవమ్మ బిడ్డని లాక్కుని, పొడిగుడ్డతో తుడిచి హైమ గుండెలకి కట్టేసింది. కేశవులు నిలబడి టేపుకేసి చూశాడు. తన వార్డులో కనబడ్డ ఎర్రమచ్చకి సీలు వెయ్యకపోతే సస్పెండని రూల్లో ఉంది. కమిషనర్ గారికి వేస్తే ఏమవుతుందో ఎక్కడా రాసిలేదు. అందుకని వేశాడు. మోకాళ్ళ దగ్గర మూడు చుట్లు చుట్టి, ముడేసి, తారీఖు కూడా రాశాడు. అంత పకడ్బందీగా అతను ఎప్పుడూ సీలు వెయ్యలేదు.

పుష్యమాసపు గాలి పెరట్లోంచి రివ్వున కొట్టింది. తడి చల్లబడింది. చూస్తూండగానే తెర మీద ఎరుపు వంకాయరంగయింది, వంకాయరంగు నీలమయింది. రూలు ప్రకారం కమిషనర్ గారు బాగుపడ్డారు. మనిషి మాత్రం కొయ్యబారిపోతున్నారు. బట్టలు మార్చాలి, కడగాలి, ఈ వాసనతో రాజధానివాళ్ళ పక్కన కూర్చుని భోంచెయ్యాలి. కేశవులు టేపు కోశాడు. గురవమ్మ ఆయన్ని పెరట్లోకి నడిపించి, హైమ మొగుడి లుంగీ ఒకటి కట్టించి పీట మీద కూర్చోబెట్టి, తొట్లోంచి ఒక చెంబు నీళ్ళు ఒంటిమీద పోసింది.

ఆ అరుపుకి పొలిమేర అవతల పుల్లయ్య చేతిలో గరిటె జారిందంటారు.

"వేడినీళ్ళు," అన్నారు కమిషనర్ గారు. గ్రాంథికం ఎటుపోయిందో పోయింది. "అమ్మా, కాసిని వేడినీళ్ళు పొయ్యి తల్లీ."

"పొయ్యికి సీలుంది సారూ. రూలు." ఆవిడ రెండో చెంబు ముంచింది. "మీరు రాసిస్తే కాస్తా. ఈసారి పేరున్న మనిషే, ఎదురుగానే ఉన్నాడు, తనకోసమే అడుగుతున్నాడు."

కేశవులు కాగితం, కలం అందించాడు. కమిషనర్ గారు వణికే చేత్తో తన స్నానం కోసం నీళ్ళు కాయడానికి అనుమతి అని రాశారు. గురవమ్మ హైమ చేత చదివించుకుంది.

"ఈ పొయ్యి ఇన్నాళ్ళూ చల్లారి చెమ్మ పట్టింది. అంటుకోకపోతే పక్కింట్లో కాయాల. ఏ ఇంట్లోనైనా అని రాయండి."

రాశారు.

"పాలు తాగే బిడ్డ దొడ్డి ఒక్కరోజు తానంతో వదలదు సారూ. ఎన్నాళ్ళు పడద్దో నేను చెప్పలేను. ప్రతిరోజూ అని రాస్తే పోతది."

చెంబు ఆయన భుజం మీద వాలి ఉంది. రాశారు.

"ఎన్ని నీళ్ళు అని రాయలా. ఒళ్ళు చూస్తే బిందెతో అయ్యేట్టు లేదు."

కావలసినంత అని రాసి సంతకం పెట్టారు. కేశవులు జేబులోంచి ఆఫీసు ముద్ర తీసి గుద్దాడు. 'పట్టణ పరిధియందలి ఏ గృహమునందైనను, కమిషనర్ గారి స్నానము నిమిత్తము, ప్రతిదినము, కావలసినంత నీరు కాచుకొనుటకు అనుమతించడమైనది.'

పెరట్లో పొయ్యి అంటుకుంది. కాగు మరిగింది. మొదటి బిందె బిడ్డకి పోయింది. గురవమ్మ కాళ్ళు జాపుకుని, నీళ్ళు మోచేత్తో చూసుకుని, మూడు వారాలుగా ఎదురుచూసిన పని తీరిగ్గా చేసింది. బిడ్డ ఒళ్ళు విరుచుకుని అక్కడే నిద్రపోయింది. తర్వాత నాలుగు బిందెలు హైమకి. అప్పటిదాకా కమిషనర్ గారు లుంగీతో పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మంట కాచుకుంటూ ఉన్నారు. కట్టెలు ఎగదోసే పని ఆయనకే అప్పజెప్పారు. బాగానే ఎగదోశారట. అధ్యక్షురాలు కూడా కెమెరా సంచిలో పెట్టేసి, పీట లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

ఆ కాగితాన్ని కేశవులు మధ్యాహ్నానికల్లా జిరాక్సు తీయించాడు. సాయంత్రానికి పట్టణంలో ఆరువేల నాలుగువందల వంటిళ్ళలో అది గోడకి అంటించి ఉంది. అన్ని ఇళ్ళలోనూ కమిషనర్ గారి స్నానానికి నీళ్ళు మరుగుతున్నాయి. ఎసట్లో బియ్యం పడితే పడ్డాయి, టీ ఆకు పడితే పడింది, అదంతా నీళ్ళ ఇష్టం. పుల్లయ్య బండి వెనక్కి నెట్టుకొచ్చి, దాని మీద కూడా ఒక నకలు వేలాడదీశాడు. కార్యదర్శులు ఇంటింటికీ తిరిగి, ఎర్రమచ్చ ఎదురుగా 'కమిషనర్ గారి స్నానం' అని రాసుకుని వెళ్ళిపోయేవారు. ఉత్తర్వు రద్దు చెయ్యాలని కమిషనర్ గారికి లేకపోలేదు. రద్దు చేస్తే రాసిన పరిస్థితులు వివరించాలి.

శీతల పట్టణ పురస్కారం వేరే ఊరికి పోయింది. అయితే ఏడాది చివర రాజధానిలో కాగితాలు తిరగేసిన ఒక గుమాస్తా, గుండ్లవాగు కమిషనర్ రోజుకి ఆరువేల నాలుగువందల స్నానాలు చేస్తున్నట్టు గమనించి పైకి రాశాడు. పైవాళ్ళు ఆశ్చర్యపోయి ఆయనకి పరిశుభ్రతా రత్న అనే బిరుదు ఇచ్చి, శాలువా కప్పి, దూరంగా బదిలీ చేశారు.

బిడ్డ విషయానికొస్తే, ఆ తర్వాతి తూకంలో ముందుకి కదిలింది, దాని తర్వాత దూకింది. ఇరవయ్యొకటో నాడు కుదరని పేరు రెండో నెలలో పెట్టారు. అప్పటికి మూడు కిలోల పావు. డాక్టరమ్మ తూకం రెండుసార్లు చూసి, ఏం చేశావు గురవమ్మా అని అడిగింది.

"నేనేం చేశానమ్మా," అంది గురవమ్మ, బిడ్డని కొంగులో పొదువుకుంటూ. "కమిషనర్ గారు తానమాడి మిగిల్చిన నీళ్ళే."